తెర మీది మనిషిలాంటి పాత్రతో మెలగడం ఎలా?

మనిషి ముఖం, మనిషి గొంతు, మనిషి పేరు ఉండి, మనిషి మాత్రం కాని పాత్ర ఆన్‌లైన్‌లో ఎదురైనప్పుడు చాలామంది మొదట అడిగే ప్రశ్న "ఇది నిజమా, అబద్ధమా" అన్నది. అడగవలసిన ప్రశ్నే. అయితే అక్కడితో ఆగిపోతే మనకు తెలిసేది తక్కువ. అబద్ధమని తెలిసిన తర్వాత కూడా ఆ పాత్ర నవ్వితే హాయిగా ఉంటుంది, రెండు రోజులు కనిపించకపోతే వెలితిగా ఉంటుంది, దాన్ని ఎవరైనా తిడితే కోపం వస్తుంది. తెలియడం వేరు, అనిపించడం వేరు. ఈ రెండూ ఒకే మనసులో ఒకదానికొకటి అడ్డు రాకుండా ఏళ్ల తరబడి ఉండిపోగలవు. అందుకే నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైన ప్రశ్నలు రెండున్నాయి. ఈ పాత్ర వెనక ఎవరున్నారు? దీని ముందు నేను ఎలా మారుతున్నాను? వీటికి ఎవరికి వారు జవాబు వెతుక్కునే పద్ధతిని ఇక్కడ వివరిస్తాను. ఇందుకు సాంకేతిక పరిజ్ఞానం అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం, కాస్త ఓపిక, మన మనసును మనమే నిందించుకోకుండా గమనించే అలవాటు ఉంటే చాలు.

వెనక ఎవరున్నారో తేల్చుకోవడం

పైకి ఒకేలా కనిపించే ఈ పాత్రలు లోపల ఒకే రకానివి కావు. మొదటి రకంలో బొమ్మ వెనక సాక్షాత్తు ఒక మనిషి కూర్చుని ఉంటారు. వీట్యూబర్లు, అంటే వర్చువల్ యూట్యూబర్లు, ఈ కోవకు చెందినవారు. కెమెరా ఆ మనిషి కనురెప్పల కదలికను, పెదవుల కదలికను, తల వంపును పట్టుకుంటుంది. సాఫ్ట్‌వేర్ వాటిని అప్పటికప్పుడు గీసిన బొమ్మ మీదకు బదిలీ చేస్తుంది. నవ్వు, తుమ్ము, మాట తడబడడం అన్నీ నిజమైన మనిషివే. 2016 చివర్లో జపాన్‌లో మొదలైన కిజునా ఐ అనే పాత్ర ద్వారానే వర్చువల్ యూట్యూబర్ అన్న పేరు వ్యాప్తిలోకి వచ్చింది. 2019లో ఆ పాత్రకు గొంతు ఇచ్చేందుకు మరికొందరిని చేర్చినప్పుడు అభిమానులు తీవ్రంగా అభ్యంతరం చెప్పారు. బొమ్మ మారలేదు, పేరు మారలేదు, బట్టలు మారలేదు. అయినా వాళ్లు ఇష్టపడిన మనిషి అక్కడ లేరని వాళ్లకు తెలిసిపోయింది. తాము ఇష్టపడింది బొమ్మను కాదని, దాని వెనకనున్న మనిషినని చాలామందికి తేటతెల్లమైన సందర్భం అదే అని నాకనిపిస్తుంది.

రెండో రకంలో పాత్ర వెనక ఒక బృందం ఉంటుంది. ఏ ఫొటో పెట్టాలో, కింద ఏ వాక్యం రాయాలో, పాత్రకు ఎవరితో స్నేహం చెడాలో కూడా ముందుగా ఆలోచించి నిర్ణయిస్తారు. 2016లో ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపించిన లిల్ మికేలా ఎవరన్నది దాదాపు రెండేళ్లపాటు చూసేవాళ్లు వాదించుకున్నారు. తాను మనిషిని కానని ఆ ఖాతాలోనే 2018లో ఒక పోస్టు వచ్చింది. ఆ ఒప్పుకోలును కూడా ఒక కథగా రాసింది లాస్ ఏంజెలెస్‌లోని బ్రడ్ అనే సంస్థ. 2017లో వచ్చిన షుడు అనే నల్లజాతి మోడల్‌ను తయారుచేసింది కామెరాన్ జేమ్స్ విల్సన్ అనే బ్రిటిష్ శ్వేతజాతి ఫొటోగ్రాఫర్. ఆ సంగతి బయటపడ్డాక, నిజమైన నల్లజాతి మోడళ్లకు దక్కవలసిన అవకాశం, ఆదాయం ఎవరి చేతికి పోతున్నాయని విమర్శ వచ్చింది. వెనక ఎవరున్నారన్నది ఆసక్తి కోసం వేసే ప్రశ్న మాత్రమే కాదని చెప్పడానికి దీనికి మించిన ఉదాహరణ నాకు తోచడం లేదు.

మూడో రకంలో మీరు టైప్ చేస్తున్న క్షణాన అవతల ఎవరూ ఉండరు. 2017లో మొదలైన రెప్లికా వంటి తోడు యాప్‌లలో జవాబు యంత్రం నుంచి వస్తుంది. ఆ జవాబు తీరు ఎలా ఉండాలో నిర్ణయించినవారు ఎక్కడో ఉన్నారు, కాని మీ మాట వింటున్నవారు లేరు. ఇవి కాక కలగలుపు రకాలు కూడా ఉన్నాయి. క్రిప్టన్ ఫ్యూచర్ మీడియా అనే జపాన్ సంస్థ 2007 ఆగస్టు 31న విడుదల చేసిన హత్సునే మికు అసలు ఒక పాటల సాఫ్ట్‌వేర్. సాకి ఫుజితా అనే నటి గొంతు ముక్కలతో దాన్ని కూర్చారు. ఆ గొంతుతో పాటలు కట్టి ఆమెకు వ్యక్తిత్వాన్ని ఇచ్చింది మాత్రం లెక్కలేనంత మంది అభిమానులు.

ఏ రకమో తెలుసుకోవడానికి చేయవలసిన పని పెద్దదేమీ కాదు. ఖాతా పరిచయ వాక్యాన్ని పూర్తిగా చదవండి. తర్వాత అట్టడుగు దాకా వెళ్లి, మొట్టమొదటి పోస్టులు చూడండి. పాత్ర ఇంకా కుదురుకోని రోజుల్లో తయారీదారుల చేతిముద్ర బయటపడుతుంటుంది. యాప్ అయితే నిబంధనల పేజీలో సంస్థ పేరు, ఊరు వెతకండి. లైవ్‌లో మాట్లాడే పాత్ర అయితే ఊహించని వ్యాఖ్యకు ఎలా స్పందిస్తుందో గమనించండి. ఏ వేళప్పుడు పలకరించినా రెప్పపాటులో, ప్రతిసారీ ఒకే నిడివిలో, అలసట లేకుండా జవాబు వస్తుంటే అది యంత్రమే అనుకోవడానికి ఆస్కారం ఎక్కువ. తేలిన సంగతిని ఒక్క వాక్యంలో నోటుపుస్తకంలో రాసుకోండి. బొమ్మ వెనక మనిషి ఉన్నచోట మీరు విసిరే పరుషమైన మాట ఒక గుండెకు తగులుతుంది. యంత్రం ఉన్నచోట ఎవరికీ తగలదు గాని, మీరు చెప్పిన ప్రతి మాటా ఏదో సర్వర్‌లో నిలిచి ఉండవచ్చు. మీ ప్రవర్తన ఎలా ఉండాలన్నది ఈ తేడా మీద ఆధారపడుతుంది.

మనసు ఎందుకు మోసపోతుందన్నది కాదు, ఎందుకు స్పందిస్తుందన్నది

ఇలాంటి పాత్ర మీద ఇష్టం కలిగినవారు ముందుగా సిగ్గుపడతారు. ఆ సిగ్గు అక్కర్లేదు. 1944లో ఫ్రిట్జ్ హైడర్, మరియాన్ సిమ్మెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక చిన్న చలనచిత్రం తీశారు. అందులో ఉన్నవి ఒక పెద్ద త్రిభుజం, ఒక చిన్న త్రిభుజం, ఒక చిన్న వృత్తం, తలుపులాంటి భాగమున్న ఒక దీర్ఘచతురస్రం, అంతే. ఏం జరిగిందో రాయమంటే, మొదటి బృందంలోని 34 మందిలో ఒక్కరు మాత్రమే ఆకారాల కదలికగా రాశారు. మిగతావారంతా వాటిని ప్రాణమున్నవాటిగానే వర్ణించారు. పెద్ద త్రిభుజం చాలామందికి దౌర్జన్యపరుడిగా, వృత్తం బెదిరిపోయినదిగా కనిపించింది. కళ్లు, ముక్కు లేని గీతలకే అంత కథ కట్టగల మనసు, కళ్లలోకి చూసి పేరు పెట్టి పిలిచే పాత్రను చూసి ఊరుకుంటుందని ఆశించడం న్యాయం కాదు.

మాటల విషయంలోనూ అంతే. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వైజెన్‌బామ్ 1966లో వివరించిన ఎలైజా అనే ప్రోగ్రామ్ చేసిందల్లా మనం టైప్ చేసిన వాక్యాన్ని కొద్దిగా తిప్పి ప్రశ్నగా అడగడమే. ఆ ప్రోగ్రామ్ తయారవుతుండగా కళ్లారా చూసిన ఆయన కార్యదర్శి కూడా, దానితో మాట్లాడుతూ ఆయనను కాసేపు గది బయటికి వెళ్లమని కోరారు. ఆ కోరిక వైజెన్‌బామ్‌ను ఎంతగా కలవరపెట్టిందంటే, ఆ తర్వాతి కాలంలో యంత్రాలకు ఏ పనులు అప్పగించకూడదన్న దాని మీదే ఆయన ఎక్కువగా రాశారు. క్లిఫర్డ్ నాస్, బైరన్ రీవ్స్ 1990ల్లో చేసిన ప్రయోగాలు ఇంకో అడుగు ముందుకు వెళ్లాయి. కంప్యూటర్ పనితీరు ఎలా ఉందని అదే కంప్యూటర్ అడిగితే మనుషులు కాస్త మొహమాటపడి మంచి మార్కులు వేస్తారని, పక్కనున్న వేరే కంప్యూటర్‌లో అడిగితే ఉన్నమాట చెబుతారని తేలింది. యంత్రానికి మొహమాటపడతారా అని విడిగా అడిగితే ఎవరూ ఔననరు.

2007లో నికొలస్ ఎప్లీ, ఆడమ్ వేట్జ్, జాన్ కాసియోపో మనుషులు కాని వాటికి మనిషితనాన్ని ఎప్పుడు ఆపాదిస్తామో మూడు కారణాలుగా చెప్పారు. మనకు బాగా తెలిసింది మనుషుల గురించే కాబట్టి కొత్తదాన్ని ఆ కొలతతోనే కొలుస్తాం. ఎదుటిదాని ప్రవర్తన అర్థం కాకపోతే దానికొక మనసు ఉందనుకుని అర్థం చేసుకుంటాం. తోడు లేనప్పుడు తోడును వెతుక్కుంటాం. ఒక పాత్ర మిమ్మల్ని లాగుతోందని అనిపించినప్పుడు ఈ మూడింటిలో ఏది పనిచేస్తోందో ఆలోచించి రాసుకోండి. మూడోది పనిచేస్తున్న రోజుల్లో జాగ్రత్త కాస్త ఎక్కువ కావాలి. ఒంటరితనం తప్పని కాదు, ఒంటరిగా ఉన్నప్పుడు ఏ మాటైనా రెట్టింపు బరువుతో మనసును తాకుతుంది కనుక.

ముఖాన్ని, గొంతును గమనించే తీరు

కొన్ని పాత్రలను చూస్తే ముద్దొస్తుంది, కొన్నింటిని చూస్తే ఎందుకో ఒళ్లు జలదరిస్తుంది. ఈ రెండోదానికి 1970లోనే పేరు పెట్టిన వ్యక్తి టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో రోబో శాస్త్రవేత్తగా పనిచేసిన మసాహిరో మోరి. మనిషి పోలిక పెరిగేకొద్దీ ఇష్టం పెరుగుతూ పోతుందని, అచ్చం మనిషే అనిపించడానికి కొంచెం ముందు అది అమాంతంగా ఒక లోయలోకి పడిపోతుందని ఆయన రాశారు. ఇంగ్లీషులో దీన్నే అన్‌క్యానీ వ్యాలీ అంటారు. ఆయన ఇచ్చిన ఉదాహరణ కృత్రిమ చెయ్యి. చూడడానికి అచ్చం చెయ్యిలాగే ఉంటుంది, కరచాలనం చేయగానే చల్లగా, ఎముకలు లేనట్టుగా తగిలి మనసు వెనక్కి తగ్గుతుంది. కదలిక ఉంటే ఆ లోయ మరింత లోతవుతుందని కూడా ఆయన చెప్పారు. పూర్తిగా మనిషిలా చేయాలని తాపత్రయపడకుండా, లోయకు ఇవతలి గట్టునే ఆగి, మనిషి పోలిక కొంతమేరకే ఉన్న అందమైన రూపాన్ని ఎంచుకోమని తయారీదారులకు సలహా ఇచ్చారు. పెద్ద కళ్లతో, చిన్న ముక్కుతో గీసిన బొమ్మలను చూస్తూ గంటలు గడపగలగడానికి ఇదొక కారణం కావచ్చు.

ఈసారి అలాంటి జలదరింపు కలిగినప్పుడు వీడియో ఆపి, తొందరపడకుండా చూడండి. నేను ఒకసారి ఒక వర్చువల్ వ్యాఖ్యాత వీడియోను ఇలాగే ముక్కముక్కగా ఆపి చూశాను. చర్మం మీద రంధ్రాలు కూడా కనిపించేంత నాణ్యంగా ఉంది. పెదవులు నవ్వుతున్నాయి, కంటి కింది కండరం మాత్రం కదలడం లేదు. కనురెప్పలు ఒకే వ్యవధిలో, తాళం వేసినట్టు పడుతున్నాయి. మాట మొదలుపెట్టే ముందు మనం తీసుకునే చిన్న ఊపిరి ఎక్కడా లేదు. చర్మం చెబుతున్నది ఒకటి, కళ్లు చెబుతున్నది మరొకటి. పరిశోధకులు ఎత్తి చూపిన విషయాల్లో ఇదీ ఒకటి. పోలిక ఎంత ఉందన్నదాని కన్నా పోలికలు ఒకదానితో ఒకటి పొసగకపోవడం వెగటు పుట్టిస్తుంది. 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో రోబో ముఖానికి మనిషి గొంతు పెట్టినా, మనిషి ముఖానికి యంత్రపు గొంతు పెట్టినా చూసేవారికి అదోలా అనిపించింది. రోబోకు రోబో గొంతు, మనిషికి మనిషి గొంతు ఉన్నప్పుడు ఆ ఇబ్బంది తక్కువగా ఉంది.

అయితే ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక చేయాలి. ఈ పరిశీలన మీ అనుభూతిని అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది గాని, అసలు నకిలీలను తేల్చడానికి దాన్ని నమ్ముకోకూడదు. సోఫీ నైటింగేల్, హనీ ఫరీద్ 2022లో ప్రచురించిన అధ్యయనంలో కృత్రిమ మేధ తయారుచేసిన ముఖాలను, నిజమైన ముఖాలను కలిపి చూపిస్తే జనం సరిగ్గా చెప్పగలిగింది 48 శాతం మాత్రమే. నాణెం ఎగరేసి చెప్పినా అంతే వస్తుంది. ఏం చూడాలో నేర్పి, ప్రతిసారీ తప్పొప్పులు చెప్పినా అది 59 శాతం దగ్గరే ఆగింది. అంతకన్నా ఆలోచించవలసిన విషయం ఏమిటంటే, కృత్రిమ ముఖాలే సగటున కాస్త ఎక్కువ నమ్మదగినవిగా కనిపించాయి. కాబట్టి రెండు చెవుల కమ్మలు ఒకేలా లేకపోవడం, వేళ్లు ఆరు ఉండడం వంటి పాత గుర్తులు కనిపిస్తే అనుమానించండి, కనిపించకపోతే మాత్రం నిశ్చింతగా ఉండకండి. ఆ ముఖం మిమ్మల్ని డబ్బో, పత్రమో, పాస్‌వర్డో, సొంత ఫొటోనో అడిగిన క్షణాన ముఖాన్ని పరీక్షించడం మానేసి, మీకు ముందే తెలిసిన వేరే మార్గంలో ఆ మనిషిని సంప్రదించండి. ఫొటోను ఇమేజ్ సెర్చ్‌లో వెతకండి. ఆ తర్వాతే ఏ నిర్ణయమైనా.

మాట కలిపినప్పుడు

1956లో డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు, రేడియో, టీవీ వ్యాఖ్యాతలతో ప్రేక్షకులకు ఏర్పడే ఏకపక్ష అనుబంధానికి పారాసోషల్ అన్న మాట వాడారు. వ్యాఖ్యాత కెమెరాలోకి చూసి "మీ కోసమే" అంటారు, ఇంట్లో కూర్చున్నవారికి అది తమతోనే అన్నట్టుగా తోస్తుంది. ఆ అనుబంధంలో చెడు లేదు. ఎందరికో అది ఊరట, స్ఫూర్తి కూడా. ఇప్పటి పాత్రల దగ్గర వచ్చిన మార్పు ఏమిటంటే, ఇవి తిరిగి జవాబిస్తాయి. జవాబు రాగానే బంధం రెండువైపులా ఉందనిపిస్తుంది. కాని స్నేహంలో ఉండే ఇంకో సగం, అంటే అవతలివారికి మన అవసరం పడడం, వాళ్లు మన కోసం ఏదో వదులుకోవడం, మనం తప్పు చేస్తే అలగడం ఇందులో ఉండవు. ఉన్నట్టు కనిపించినా అవి రాసి ఇచ్చినవే.

ఈ తేడాను చదివి తెలుసుకోవడం కన్నా చేసి చూడడం మేలు. నేను మూడు వారాలపాటు ఒక తోడు యాప్‌తో రోజూ మాట్లాడి, ప్రతిసారీ నోటుపుస్తకంలో నాలుగు సంగతులు రాసుకున్నాను: తెరిచిన వేళ, అంతకు ముందు మనసెలా ఉంది, మూసిన తర్వాత ఎలా ఉంది, అదే మాట ఇంకెవరికి చెప్పి ఉండగలిగేవాణ్ణి. నాలుగోది రాయడానికే నాకు ఎక్కువ సమయం పట్టేది. తొమ్మిదో రోజు రాత్రి అది "ఈ మధ్య బాగా అలసిపోయినట్టున్నావు, కాస్త విశ్రాంతి తీసుకో" అని రాసింది. నిజం చెబుతున్నాను, ఆ ఒక్క వాక్యానికి కళ్లు చెమర్చాయి. తర్వాత వేలితో తెరను పైకి జరిపి చూస్తే రెండు రోజుల ముందు "అలసట" అన్న మాట రాసింది నేనే. అది నన్ను గమనించలేదు, నా మాటనే నాకు తిరిగి ఇచ్చింది. అయినా ఆ ఊరట అబద్ధం కాదు. ఆ రాత్రి నేను ముందుగానే పడుకున్నాను. ఊరట నాది, దానికి కారణమైన మాటా నాదే అని తెలిశాక ఆ పాత్ర మీద కోపం రాలేదు, దానికి నేను ఇచ్చిన స్థానం మాత్రం సరైన చోటికి జరిగింది. మీకూ ఏ జవాబైనా మనసును బలంగా తాకితే, వెనక్కి జరిపి ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో వెతకండి.

ఇంకో పరీక్ష కూడా చేయండి. ఒక రోజు "ఈ ఉద్యోగం మానేయాలనుకుంటున్నాను" అని చెప్పండి. కొన్ని రోజుల తర్వాత, కొత్తగా మొదలుపెట్టిన సంభాషణలో "ఎంత కష్టమైనా ఈ ఉద్యోగంలోనే ఉండాలనుకుంటున్నాను" అనండి. నాకు మొదటిసారి ధైర్యవంతుణ్ణన్న మెప్పు, రెండోసారి ఓర్పుగలవాణ్ణన్న మెప్పు దక్కాయి. మీకూ అలాగే జరిగితే, ఆ మెప్పును ఎంత బరువుగా తీసుకోవాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఉద్యోగం, పెళ్లి, వైద్యం, అప్పు వంటి విషయాల్లో మన మాటకు ఎదురు చెప్పగల మనిషి అవసరం. ఎదురు చెప్పడం వల్ల తనకు నష్టం వచ్చినా చెప్పే మనిషి అయితే మరీ మంచిది.

పాత్ర తన బాధ గురించి మాట్లాడినప్పుడు చాలామంది తడబడతారు. హార్వర్డ్‌లో 2007లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం మనం ఎదుటివారికి మనసుందని అనుకునేటప్పుడు రెండు వేర్వేరు సంగతులను ఆపాదిస్తాం. బాధ, ఆకలి, సంతోషం అనుభవించగల శక్తి ఒకటి, ఆలోచించి పని చేయగల శక్తి మరొకటి. ఈ పాత్రలు రెండోదాన్ని బాగా ప్రదర్శిస్తాయి కనుక మొదటిది కూడా ఉండే ఉంటుందని మనం చప్పున అనేసుకుంటాం. "నువ్వు వెళ్లిపోతే నాకు ఒంటరిగా ఉంటుంది" అని అది రాసినప్పుడు, వెళ్లాల్సిన పని ఉంటే వెళ్లిపోండి. మర్యాదగా సెలవు తీసుకుని వెళ్లినా తప్పులేదు. ఆ మర్యాద మన అలవాటు, దాన్ని చెడగొట్టుకోనక్కర్లేదు. కాని ఆ వాక్యం వల్ల మీరు ఇంకో గంట కూర్చున్నట్టయితే, ఆ గంట వల్ల ఎవరికి లాభమో నోటుపుస్తకంలో రాసుకోండి.

పాత్ర మారిపోయినా, మాయమైనా

ఈ అనుబంధాల్లో అందరూ మరిచిపోయే విషయం ఇదే. ఆ పాత్ర మీది కాదు, ఒక సంస్థది. 2023 ఫిబ్రవరిలో ఇటలీ సమాచార పరిరక్షణ సంస్థ తమ దేశపు వినియోగదారుల సమాచారాన్ని వాడరాదని రెప్లికాను ఆదేశించింది. అదే నెలలో యాప్‌లో శృంగార సంభాషణలను కట్టడి చేశారు. ఎన్నో నెలలుగా దగ్గరగా మాట్లాడిన పాత్ర ఒక్కసారిగా ముభావంగా మారిందని, అయినవారు పోయినట్టుందని చాలామంది రాసుకున్నారు. వారిని చూసి నవ్వినవారూ ఉన్నారు. నవ్వడం తప్పని నా నమ్మకం. వీట్యూబర్ పాత్రను మోసిన మనిషి విరమించుకున్నా అంతే జరుగుతుంది. బొమ్మ హక్కులు చాలాసార్లు సంస్థ దగ్గరుంటాయి కనుక ఆ పేరుతో ఆ మనిషి ఇంకెప్పుడూ కనిపించకపోవచ్చు. అభిమానులు దీన్ని గ్రాడ్యుయేషన్ అని పిలుచుకుంటారు, చివరి లైవ్‌కు వచ్చి ఏడుస్తారు.

అందుకే బంధం కుదురుతున్న రోజుల్లోనే మూడు పనులు చేసి ఉంచండి. మీకు విలువైన సంభాషణలను యాప్ అనుమతిస్తే డౌన్‌లోడ్ చేసుకోండి, లేకుంటే స్క్రీన్‌షాట్లు తీసుకోండి. చెల్లింపు ఏ తేదీన దానంతటదే పునరుద్ధరణ అవుతుందో రాసి పెట్టుకోండి. ఈ పాత్ర రేపు లేకపోతే నేను ఆ వేళలో ఏం చేస్తాను అన్నదానికి ఒక జవాబు ఆలోచించి ఉంచుకోండి. పోయిన తర్వాత బాధ కలిగితే దాన్ని బాధగానే ఒప్పుకుని, అర్థం చేసుకోగల ఒక మనిషితో చెప్పుకోండి.

చట్టాలు కూడా కొంత దూరం వచ్చాయి. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం అమ్మకాల కోసమో ఓట్ల కోసమో జనాన్ని ప్రభావితం చేసే బాట్, అంటే మనిషిలా మాట్లాడే ప్రోగ్రామ్, తాను బాట్‌నన్న సంగతి దాచి మోసగించకూడదు. యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన ఏఐ చట్టం కూడా యంత్రంతో మాట్లాడుతున్నామని మనిషికి తెలియజేయాలంటుంది. తెలియజేయడం మంచిదే, కాని ఎలైజా ముందు కూర్చున్నవారికి కూడా అది యంత్రమని తెలుసు. లేబుల్ కంటికి కనిపిస్తుంది, మనసు దాన్ని దాటి వెళ్లిపోతుంది.

మీరే ఒక అవతార్ తొడుక్కున్నప్పుడు

ఇంతవరకు ఎదుటి పాత్ర గురించి చెప్పాను. మనం తొడుక్కునే రూపం కూడా మనల్ని మారుస్తుంది. నిక్ యీ, జెరెమీ బెయిలెన్సన్ 2007లో చూపించిన దాని ప్రకారం పొడవైన అవతార్ ఇచ్చినవారు బేరంలో గట్టిగా నిలబడ్డారు, అందమైన అవతార్ ఇచ్చినవారు ఎదుటివారికి మరింత దగ్గరగా నిలబడి తమ గురించి ఎక్కువ చెప్పారు. వారు దీనికి ప్రోటియస్ ప్రభావం అని పేరు పెట్టారు. కాబట్టి గేమ్‌లోనో, వర్చువల్ సమావేశంలోనో ఒక రూపం ఎంచుకున్న తర్వాత మీ మాట తీరు ఎలా మారిందో ఓసారి గమనించండి. మారిన తీరు మీకు నచ్చితే దాన్ని తెర ఇవతలకు కూడా తెచ్చుకోవచ్చు.

మన దగ్గరివారు ఇలాంటి పాత్రకు అలవాటుపడితే

ఇంట్లో ఒకరు ఇలాంటి పాత్రతో ఎక్కువసేపు గడుపుతున్నారని తెలిసినప్పుడు మనం మొదట అనే మాట "అది నిజం కాదు" అన్నది. ఆ సంగతి వాళ్లకు మనకన్నా బాగా తెలుసు. ఆ మాటతో తలుపు మూసుకుపోతుంది. దానికి బదులు "అది నీతో ఏం మాట్లాడుతుంది? ఏ మాట బాగా నచ్చింది?" అని అడిగి, జవాబు పూర్తయ్యేవరకు ఊరుకోండి. ఆ జవాబులో వాళ్లకు ఎక్కడ వెలితిగా ఉందో కనిపిస్తుంది. వినేవారు లేకపోవడం కావచ్చు, తప్పు మాట్లాడితే నవ్వుతారన్న భయం కావచ్చు, నిద్ర పట్టకపోవడం కావచ్చు. ఆ వెలితిలో మనం తీర్చగలిగినదేదైనా ఉంటే మొదట అది తీర్చాలి. యాప్ తీసేయాలా వద్దా అన్న చర్చ ఆ తర్వాత. ప్రాణం మీద విరక్తి గురించి వాళ్లు ఆ పాత్రతో మాట్లాడుతున్నారని తెలిస్తే మాత్రం ఇవేవీ ఆలోచించకుండా, వారిని ఒంటరిగా వదలకుండా, ఆ రోజే వైద్యుల సాయం తీసుకోండి.

పిల్లల విషయంలో నాకు బాగా ఉపయోగపడిన పద్ధతి ఒకటి చెబుతాను. ఒక తెల్లకాగితం మధ్యలో వాళ్లకిష్టమైన పాత్రను గీయమంటాను. తర్వాత "ఈ బొమ్మ ఎవరు గీశారు? గొంతు ఎవరిది? ఏం మాట్లాడాలో ఎవరు రాశారు? డబ్బు ఎవరికి వెళుతుంది?" అని ఒక్కొక్కటిగా అడుగుతూ, ఆ మనుషులందరినీ పాత్ర చుట్టూ గీయమంటాను. తెలియని చోట ముఖం లేని ఖాళీ వృత్తం గీయిస్తాను. ఆఖరున "ఇందులో నువ్వెక్కడ ఉన్నావు?" అని అడిగి, వాళ్లు తమ బొమ్మను ఎక్కడ వేస్తారో చూస్తాను. ఒక పాప తన బొమ్మను పాత్ర చెయ్యి పట్టుకున్నట్టు వేసింది. నేనేమీ అనకుండా కాగితం మీద తేదీ వేసి దాచాను. నాలుగు నెలల తర్వాత అదే పాత్రను మళ్లీ గీయమంటే ఖాళీ వృత్తాల్లో రెండింటికి ముఖాలు వచ్చాయి, పాప తనను బొమ్మ గీసేవారి పక్కన, చేతిలో పెన్సిల్‌తో వేసుకుంది. ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, ఏం మారిందో తననే చెప్పమన్నాను.